అజెదిన్ అలాయా: ట్యూనిస్ నుంచి పారిస్ వెళ్లిన దర్జీ జీవితం, పని (చర్చ)

సన్నసూది:
వలస వెళ్లి బట్టల లోకంలో పేరు తెచ్చుకున్నవాళ్ల గురించి ఇక్కడ వివరంగా మాట్లాడుకుంటే బాగుంటుందనిపించింది. అజెదిన్ అలాయాతో మొదలుపెడుతున్నాను. డియోర్, సాన్ లోరాన్ లాంటి ఫ్యాషన్ డిజైనర్ల పేర్లు తెలిసినంతగా ఈయన పేరు మనలో చాలామందికి తెలియదు. కుట్టుపని తెలిసినవాళ్లని అడిగితే మాత్రం ముందు ఈయన పేరే చెబుతారు.

1935లో ట్యూనిస్‌లో పుట్టారు. అప్పటికి ట్యునీషియా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది. ఇంటివాళ్లు గోధుమ పండించే రైతులు. వాళ్ల ఊళ్లో పురుళ్లు పోసే మదాం పినో అనే ఫ్రెంచి మంత్రసాని ఇంట్లో కళల పుస్తకాలు, పారిస్ ఫ్యాషన్ పత్రికలు ఉండేవి. పిల్లవాడు ఆవిడకి సాయం చేస్తూ ఖాళీ దొరికితే వాటిని తిరగేసేవాడు. వయసు చాలకపోయినా ఎక్కువ చెప్పి అతన్ని లలితకళల పాఠశాలలో చేర్పించింది కూడా ఆవిడే. అక్కడ నేర్చుకున్నది శిల్పం. కుట్టు మాత్రం ఇంట్లోనే వచ్చింది. కవల సోదరి హఫీదా నన్స్ దగ్గర కుట్టు నేర్చుకుంటుంటే, ఆమె దగ్గర ఈయన నేర్చుకున్నారు. ఆ తర్వాత బడి ఖర్చులకి ఒక చిన్న దుకాణానికి గౌన్ల అంచులు మడిచి కుట్టి ఇచ్చేవారు.

ఇరవై దాటిన కొత్తలో పారిస్ చేరారు. సిఫారసు మీద డియోర్ సంస్థలోనే పని దొరికింది. వారం తిరక్కుండానే పంపేశారు. కారణం కాగితాలు సరిగ్గా లేకపోవడం.

నాకు చాలాకాలంగా ఉన్న అభిప్రాయం ఇది: ఆ తలుపు అలా మూసుకోకపోయి ఉంటే ఆయన ఎవరో ఒకరి వర్క్‌షాప్‌లో మంచి పనివాడిగా మిగిలిపోయేవారు. తర్వాత ఆయన చేసిన ప్రతి పనిలోనూ ఆ వారం ప్రభావం కనిపిస్తుంది. మీరేమంటారు?

పరదేశి:
మంచి మనిషి గురించి మొదలుపెట్టారు సన్నసూది గారూ. ఆ వారం గురించి ఒక మాట కలుపుతాను. 1954 నుంచి అల్జీరియా యుద్ధం నడుస్తోంది. ట్యునీషియాకి 1956 మార్చిలో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజుల్లో ఉత్తర ఆఫ్రికా ముఖం కనిపిస్తే చాలు, పారిస్ వీధుల్లో పోలీసులు ఆపి కాగితాలు అడిగేవాళ్లు. ఒక కుర్రాడి గుర్తింపు కార్డు సమస్య అనుకుంటే విషయం పూర్తిగా అర్థం కాదు. ఆ కాలమే అలాంటిది.

నేనూ వేరే దేశంలో పనిచేస్తున్నాను. వీసా పునరుద్ధరణ గడువు దగ్గరపడితే ఉండే టెన్షన్ ఎలాంటిదో నాకు తెలుసు. పని బాగా చేస్తున్నావని మెచ్చుకుంటూనే, కాగితం రాకపోతే మేమేం చేయలేమని అంటారు. అందుకే మీ అభిప్రాయంతో నాకు కొంచెం ఇబ్బంది ఉంది. గెంటేయడం వల్ల ఆయన గొప్పవాడయ్యాడని అంటే, గెంటేసినవాళ్లకి పుణ్యం కట్టబెట్టినట్టు అవుతుంది. అలా పంపేస్తే తిరిగి లేవలేకపోయినవాళ్లు ఎంతమందో మనకి తెలిసే దారి లేదు.

రంగులగోడ:
నాది ఇంకో అనుమానం. ఆ తర్వాత ఆయన్ని ఆదుకున్నది ఎవరు? ఒక మార్క్వీజ్, ఒక కౌంటెస్, రచయిత్రి లూయీజ్ ద విల్మొరాఁ. ఇంతటి పరిచయాలు ఏ వలస కార్మికుడికి దొరుకుతాయి? ఇది కష్టపడి పైకి వచ్చిన కథ కంటే పెద్దింటివాళ్ల ఆదరణ దొరికిన కథ అని నాకు అనిపిస్తుంది.

సన్నసూది:
రంగులగోడ గారూ, పరిచయాలు దొరికిన మాట నిజమే. కానీ ఆ ఇళ్లలో ఆయన అతిథి కాదు. కౌంటెస్ ద బ్లెజియె ఇంట్లో దాదాపు ఐదేళ్లున్నారు. పగలు వాళ్ల పిల్లల్ని చూసుకోవాలి, మిగిలిన వేళల్లో కౌంటెస్‌కీ ఆవిడ స్నేహితురాళ్లకీ బట్టలు కుట్టాలి. తిండీ గదీ ఇచ్చినందుకు చాకిరీ అన్నమాట. కొంతకాలం గీ లరోష్ అనే డిజైనర్ దగ్గర పనిచేసి కుట్టు మెళకువలు నేర్చుకున్నారు.

లూయీజ్ ద విల్మొరాఁ దగ్గరికి ఆయన్ని తీసుకెళ్లింది సిమోన్ జెర్‌ఫ్యుస్. ఆవిడ భర్త బెర్నార్ జెర్‌ఫ్యుస్ ఆర్కిటెక్ట్, ట్యునీషియాలో చాలా కాలం పనిచేశాడు. అంటే ఆ మొదటి పరిచయం కూడా ట్యూనిస్ వైపు నుంచి వచ్చిందే. వలస వెళ్లినవాళ్లకి ఇది కొత్త విషయం కాదు కదా. ముందు మన ఊరు తెలిసినవాళ్లు ఒకరు దొరుకుతారు, వాళ్ల వెనక ఇంకొకరు.

పరదేశి గారూ, మీరన్న పుణ్యం మాట ఒప్పుకోను. డియోర్‌వాళ్లు చేసింది మేలని నేను అనలేదు. ఆ దెబ్బ తర్వాత ఆయన ఎంచుకున్న దారి గురించే నేను చెప్పింది.

కటింగ్‌మాస్టర్:
నేను కుట్టు వృత్తిలో ఉన్నవాణ్ని. ఆయన ఎవరి ఇంట్లో ఉన్నారన్న దాని కంటే, ఆ ఇళ్లలో ఏం నేర్చుకున్నారన్నది నాకు ముఖ్యం. పెద్ద సంస్థల్లో కొత్తగా చేరినవాడికి ఒక చేయి కుట్టడమో, లైనింగ్ వేయడమో, ఏదో ఒక్క పనే ఏళ్ల తరబడి ఉంటుంది. ఇంట్లో కుట్టేవాడికి అలా కుదరదు. కొలత, కటింగ్, ట్రయల్, ఆల్టరేషన్ అన్నీ అతనివే. బట్ట వేసుకున్న మనిషి ఎదురుగా నిలబడి, ఇక్కడ పట్టేస్తోంది, కూర్చుంటే లేచిపోతోంది అని చెబుతుంటే, అది డమ్మీ మీద ఎన్నేళ్లు పనిచేసినా రాని చదువు. డెబ్భైల్లో క్రేజీ హార్స్ అనే క్యాబరేలో నాట్యం చేసే అమ్మాయిలకి కూడా దుస్తులు చేశారు. వొళ్లు కదులుతుంటే బట్ట ఎక్కడ లాగుతుందో అక్కడ ఇంకా బాగా తెలిసి ఉంటుంది.

ఇప్పుడు ఆయన పని దగ్గరికి వస్తాను. మామూలు గౌనుకి ముందు భాగం, వెనక భాగం, ఛాతీ దగ్గరా నడుం దగ్గరా డార్ట్‌లు. డార్ట్ అంటే ఎక్కువైన బట్టని మడిచి లోపలికి కుట్టేయడం. అలాయా చాలా చోట్ల డార్ట్ వాడరు. గౌనుని బోలెడన్ని చిన్న ముక్కలుగా కోసి, వంపు తిరిగిన కుట్లతో కలుపుతారు. ఆ కుట్టు నిలువుగా దిగదు. వీపు మీద మొదలై పక్కటెముకల మీదుగా నడుం చుట్టి తుంటి మీదికి వస్తుంది. కాబట్టి వొంటికి ఆకారం ఇచ్చేది కుట్టే. లోపల కార్సెట్ లాంటి గట్టి సరంజామా అక్కర్లేదు.

1980ల మొదట్లో చేసిన జిప్ గౌను చూడండి. జిప్ మెడ దగ్గర మొదలై వొళ్లంతా చుట్టుకుంటూ కిందికి దిగుతుంది. ఫోటోలో చూస్తే సరదాగా ఉంటుంది, కుట్టేవాడికి మాత్రం చెమటలు పడతాయి. జిప్ పట్టీ సాగదు. ఏటవాలుగా కోసిన బట్ట చేయి తగిలితేనే సాగుతుంది. సాగేదాన్నీ సాగనిదాన్నీ కలిపి వంపు మీద కుడితే అలలు అలలుగా ముడతలు పడతాయి. బట్ట అంచుని ముందే ఆపుకుట్టుతో బిగించి, ఎక్కడ ఎంత లాగాలో ఎక్కడ ఎంత వదలాలో చేత్తో చూసుకుంటూ పోవాలి. ఒక అంగుళం తేడా వస్తే మొత్తం మెలిక తిరిగిపోతుంది. నేను ఇలాంటిది ఒకటి మస్లిన్ గుడ్డ మీద ప్రయత్నించి చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆయన ప్యాటర్న్ అంతా తన చేత్తోనే కోసేవారట. ఆ స్థాయికి వెళ్లిన డిజైనర్లలో కత్తెర చివరిదాకా తమ చేతిలోనే ఉంచుకున్నవాళ్లు చాలా తక్కువ.

కొత్తపేజీ:
మాస్టారూ, చాలా బాగా చెప్పారు. తోలు మీద ఐలెట్లు (రంధ్రం చుట్టూ బిగించే లోహపు రింగులు) కొట్టిన కోట్లు కూడా ఆయనవేనా?

కటింగ్‌మాస్టర్:
అవునండీ, ఆయనవే. తోలుకి సూది దిగిన చోట రంధ్రం పడితే పోదు, ఊడదీసి మళ్లీ కుట్టడం ఉండదు. అలాంటి సరుకు మీద వరసలు వరసలుగా లోహపు ఐలెట్లు పెట్టారు. తర్వాతి కాలంలో లేజర్‌తో తోలుని జల్లెడలా కోసి చేసినవి కూడా ఉన్నాయి.

వెన్నెలవాన:
పనితనం కాదనను. నా అభ్యంతరం వేరే. ఆయన్ని ప్రపంచానికి పరిచయం చేసింది వొంటికి అతుక్కునే అల్లిక గౌన్లు. అవి ఎవరికి? పొడుగ్గా సన్నగా ఉన్న మోడల్స్‌కి. నామీ క్యాంబెల్ లాంటివాళ్లు వేసుకుంటే అద్భుతంగా ఉంటుంది సరే, ఇద్దరు పిల్లల తల్లికి ఏం ఉంటుంది? స్త్రీల శరీరాన్ని గౌరవించిన డిజైనర్ అని చాలాచోట్ల చదివాను. వొళ్లు మొత్తం కనిపించేలా బిగించి కుట్టడం గౌరవం ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు.

సన్నసూది:
వెన్నెలవాన గారూ, ఇది అడగాల్సిన ప్రశ్నే. నా వైపు నుంచి రెండు విషయాలు చెబుతాను. అరవైల చివర్లో ర్యూ ద బెల్షాస్ వీధిలో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో సొంతంగా పని మొదలుపెట్టి, దాదాపు రెండు దశాబ్దాలు అక్కడే ఉన్నారు. ఆ ఇల్లే వర్క్‌షాప్. బోర్డు లేదు, ప్రకటన లేదు, ఒకరు చెబితే ఇంకొకరు వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లలో హాలీవుడ్ నటి గ్రెటా గార్బో ఉంది. ఆమె అప్పటికి అరవై దాటిన మనిషి, అందరి చూపుల నుంచి తప్పించుకు తిరిగేది. ఆమెకి కావలసింది వదులైన పెద్ద కోటు. అదే చేసిచ్చారు. నటి ఆర్లెట్టీ అప్పటికే వృద్ధురాలు. ఆయన పేరు బయటికి వచ్చేనాటికి ఇలా రకరకాల వయసుల, రకరకాల వొళ్ల ఆడవాళ్లకి ఏళ్ల తరబడి కుట్టి ఉన్నారు. తొలి రెడీమేడ్ కలెక్షన్ 1980లో వచ్చింది. అప్పటికి ఆయనకి నలభై అయిదు.

రెండోది, 2009లో అమెరికా అధ్యక్షుడి భార్య మిషెల్ ఒబామా ఆయన గౌను వేసుకున్నారు. ఆవిడ మోడల్ కొలతల మనిషి కాదు, భుజాలు బలంగా ఉంటాయి. నడుం దగ్గర పట్టి కింద గొడుగులా విచ్చుకునే ఆ పావడా రకం కూడా ఆయన ముద్రే.

వెన్నెలవాన:
కోటు మాట ఒప్పుకుంటున్నాను. మోడల్స్ విషయంలో నా మాట మారదు. ర్యాంప్ మీద అందరూ ఒకే కొలతలో కనిపిస్తే, బయట చూసే అమ్మాయిలు తమ వొళ్లు తప్పు అనుకుంటారు. దీనికి ఆయన ఒక్కరే బాధ్యులు కాదు, బాధ్యతే లేదని మాత్రం అనలేం.

పరదేశి:
నామీ పేరు వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. లండన్ నుంచి పదహారేళ్లకి పారిస్ వచ్చినప్పుడు ఆమె డబ్బు దొంగతనానికి గురైంది. అలాయా ఆమెని తన ఇంట్లో ఉండమన్నారు, ఆమె తల్లితో ఫోన్‌లో మాట్లాడారు. అప్పటి నుంచి ఆమె ఆయన్ని నాన్న అనే పిలిచింది. ఆ రోజుల్లో పత్రికల ముఖచిత్రాల మీదా ర్యాంప్ మీదా నల్లజాతి అమ్మాయిలు చాలా తక్కువ. ఆయన దగ్గర మాత్రం వాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. ఫరీదా ఖెల్ఫా అల్జీరియా నుంచి ఫ్రాన్స్ వచ్చిన కుటుంబంలో పుట్టింది, ఆయనకి మోడల్‌గా చేసి తర్వాత ఆయన సంస్థలోనే బాధ్యత తీసుకుంది. గాయని, మోడల్ గ్రేస్ జోన్స్ జమైకా మనిషి. 1980ల మధ్యలో ఆయనకి ఫ్రెంచ్ ఫ్యాషన్ ఆస్కార్లు రెండు వస్తే, ఆమె ఈ పొట్టి మనిషిని రెండు చేతులా ఎత్తుకుని వేదిక ఎక్కింది.

ఇంకొకటి. 1989 జూలై 14, ఫ్రెంచి విప్లవానికి రెండు వందల ఏళ్లు. కాంకోర్డ్ కూడలిలో జాతీయ గీతం పాడింది జెస్సీ నార్మన్, అమెరికా నల్లజాతి గాయని. ఆమె వొంటి మీద నేల మీద ఈడ్చుకుపోయే మూడు రంగుల వస్త్రం, ఫ్రాన్స్ జెండా. దాన్ని చేసింది అలాయా. ముప్పై ఏళ్ల క్రితం కాగితాలు లేవని పంపేసిన మనిషి చేత్తో ఆ దేశపు జెండా కుట్టించుకున్నారు. ఆ వీడియో చూసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

రంగులగోడ:
ఇది నాకు తెలియదు పరదేశి గారూ. నిజంగా గొప్ప సంగతి. తాతీ దుకాణం సంగతి కూడా ఎవరైనా రాయండి, దాని గురించి సగం సగం విన్నాను.

సన్నసూది:
నేను రాస్తాను. తాతీ అంటే పారిస్‌లో బార్బెస్ ప్రాంతంలో ఒకప్పుడు ఉన్న చవక బట్టల దుకాణం, 2021లో మూతపడింది. గులాబీ, తెలుపు గళ్ల సంచి దాని గుర్తు. వలస కుటుంబాలు, చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్లు అక్కడ కొనుక్కునేవాళ్లు. 1948లో దాన్ని పెట్టిన జూల్ ఉవాకీ కూడా ట్యునీషియా నుంచి వచ్చినవాడే. 1991లో అలాయా ఆ గళ్లనే తీసుకుని తన ఖరీదైన కలెక్షన్‌లో వాడారు. బదులుగా తాతీ కోసం ఒక సంచి, టీషర్టు, గుడ్డ చెప్పులు డిజైన్ చేసిచ్చారు. పెద్ద డిజైనర్లు చవక దుకాణాలకి కలెక్షన్లు చేయడం ఇప్పుడు మామూలైంది. అప్పటికి ఆ అలవాటు లేదు. నాకు నచ్చినది ఇంకొకటి: పేదవాళ్ల సంచి గుడ్డని ఎగతాళికి వాడలేదు. ఆ గళ్లు కుట్టు దగ్గర ఒకదానికొకటి కలిసేలా, పట్టు బట్టకి చూపించే శ్రద్ధే దానికీ చూపించారు.

కొత్తపేజీ:
ఫ్యాషన్ వారాల సమయానికి ఆయన షోలు చేసేవారు కాదని విన్నాను. అదెలా సాధ్యం? పత్రికలు, కొనుగోలుదారులు ఊరుకుంటారా?

సన్నసూది:
ఊరుకోలేదు. ఇంతకీ నేను మొదట చెప్పదలచుకున్నది ఇదే. ఏడాదికి ఇన్ని కలెక్షన్లు, ఫలానా వారంలో షో అనే పద్ధతి ఆయనకి పడలేదు. బట్ట సిద్ధమైనప్పుడే చూపించేవారు. కొన్నిసార్లు అందరి షోలూ అయిపోయి, కొనుగోలుదారులు ఇళ్లకి వెళ్లిపోయాక తన ఇంట్లోనే షో పెట్టేవారు. 1992లో హఫీదా చనిపోయింది. ఆ తర్వాత చాలా కాలం దాదాపు బయటికి రాలేదు. కొత్త షోలు లేవు, పత్రికలు వేరేవాళ్ల వైపు తిరిగాయి. తన పాత ఖాతాదారులకి మాత్రం కుడుతూనే ఉన్నారు. 2011 జూలైలో ఎనిమిదేళ్ల తర్వాత కుట్యూర్ (ఒక్కొక్కరి కొలతకి చేత్తో కుట్టే ఖరీదైన బట్టల) షో చేశారు. అంత విరామం తీసుకుని కూడా నిలబడినవాళ్లు ఎంతమంది ఉన్నారు? 2008లో ఫ్రాన్స్ ప్రభుత్వం లెజియాఁ దొనర్ అనే అత్యున్నత పురస్కారం ఇస్తానంటే వద్దన్నారు.

ఎవరి వేళ ప్రకారమో నడిచే వర్క్‌షాప్‌లో చోటు దొరకని మనిషి, చోటు ఇస్తామని వచ్చాక కూడా తన వేళ వదులుకోలేదు. నేను మొదటి పోస్టులో అన్న ప్రభావం అది.

రంగులగోడ:
స్వతంత్రం అంటున్నారు, మరి 2000లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడాతో భాగస్వామ్యం, 2007లో ఖరీదైన బ్రాండ్ల కంపెనీ రిష్‌మోఁ పెట్టుబడి సంగతేమిటి? డబ్బు పెద్ద కంపెనీలది, స్వేచ్ఛ ఆయనది అంటే వినడానికి బాగుంటుంది. మిగతా డిజైనర్లకి ఆ ఏర్పాటు ఎవరూ ఇవ్వరు.

కటింగ్‌మాస్టర్:
రంగులగోడ గారూ, ప్రాడా నుంచి 2007లో తన పేరు తను తిరిగి తీసుకున్నాకే రిష్‌మోఁ వచ్చింది. డబ్బు లేకుండా వర్క్‌షాప్ నడవదు. జీతాలు నెలనెలా ఇవ్వాలి. చాలామంది తమ పేరే కంపెనీకి అమ్మేసి, తర్వాత ఆ పేరుతో తామే పనిచేయలేని స్థితికి వచ్చారు. ఆయన ఆ స్థితికి రాలేదు, 2017 నవంబరు 18న చనిపోయేదాకా పని బల్ల దగ్గరే ఉన్నారు. చివరి కుట్యూర్ షో ఆ జూలైలోనే.

నాకు ఇంకో బాధ ఉంది. ఆయన పేరు మనకి తెలుసు. ఆ వంపు కుట్లు రాత్రుళ్లు కూర్చుని వేసిన కుట్టుపనివాళ్ల పేర్లు మనకి తెలియవు. ఆయన తన వంటింటి బల్ల దగ్గర వాళ్లనీ సినిమా తారల్నీ పక్కపక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టేవారని అందరూ చెబుతారు. అది మంచి పద్ధతే. అయినా గౌను లోపల వాళ్ల పేరు కూడా ఒక చిన్న పట్టీ మీద ఉంటే ఎంత బాగుండేదో.

వెన్నెలవాన:
మాస్టారూ, ఈ మాట కోసం ఈ చర్చ అంతా చదవొచ్చు. పూర్తిగా మీతోనే ఉన్నాను.

పరదేశి:
ఆయన సేకరణ గురించి ఎవరూ రాయలేదు. 1968లో బాలెన్సియాగా అనే పేరున్న డిజైనర్ తన సంస్థ మూసేసినప్పుడు, అక్కడి ఒకావిడ అలాయాని పిలిచి, మిగిలిన గౌన్లు తీసుకెళ్లి బట్ట కోసి వాడుకోమంది. ఇంటికి తెచ్చాక ఆయనకి వాటి మీద కత్తెర పెట్టడానికి మనసు రాలేదు. అప్పటి నుంచి ఇతరుల పని దాచడం మొదలైంది. బాలెన్సియాగా గౌన్లు, వియోనే అనే పాతతరం డిజైనర్ గౌన్లు, చివరికి డియోర్ గౌన్లు కూడా వందల కొద్దీ కొన్నారు. పాత గౌను కుట్టు ఎలా వేశారో చూడటానికి దాన్ని మించిన బడి లేదు.

బాలెన్సియాగా కూడా స్పెయిన్ నుంచి అంతర్యుద్ధం తప్పించుకుని పారిస్ వచ్చినవాడే. అంతకు ముందు 1858లో పారిస్‌లో తన సంస్థ పెట్టిన చార్ల్స్ వర్త్ ఇంగ్లండు మనిషి. డిజైనర్ స్కియాపరెల్లీ ఇటలీ నుంచి వచ్చింది. ఫ్రెంచ్ కుట్యూర్‌లో వలస వచ్చినవాళ్ల పని తీసేసి చూస్తే ఏం మిగులుతుందో నాకు ఊహకి అందదు.

కొత్తపేజీ:
ఆ గౌన్లు ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

సన్నసూది:
పారిస్‌లో ‘మారే’ అనే ప్రాంతంలో 18 ర్యూ ద లా వెర్రెరీ దగ్గర ఆయన ఇల్లూ వర్క్‌షాపూ ఉన్న చోటే ఇప్పుడు ఫౌండేషన్ నడుస్తోంది. ఆయన సహచరుడు, చిత్రకారుడు క్రిస్టోఫ్ ఫాన్ వైహె, స్నేహితురాలు కార్లా సొజ్జానీ కలిసి దాన్ని నిలబెట్టారు. ప్రదర్శనలు మారుతూ ఉంటాయి. ఆయన సమాధి మాత్రం ట్యూనిస్ పక్కన సిదీ బూ సయీద్‌లో ఉంది.

రంగులగోడ:
నా అనుమానాలు కొన్ని అలాగే ఉన్నాయి, అయినా చాలా తెలుసుకున్నాను. దీని తర్వాత కెంజో అనే డిజైనర్ గురించి మాట్లాడుకుందామా? జపాన్ నుంచి ఓడలో బయల్దేరి 1965లో పారిస్ చేరాడు, 1970లో దుకాణం పెట్టాడు, 1993లో సంస్థని అమ్మేశాడు. అమ్మాక కూడా కొన్నేళ్లు అదే పేరు కింద పనిచేశాడు. మాస్టారు చెప్పిన పేరు అమ్ముకోవడం సంగతి అక్కడ వివరంగా మాట్లాడొచ్చు.

కటింగ్‌మాస్టర్:
మొదలుపెట్టండి. కిమోనో (జపాన్ సంప్రదాయ దుస్తు) కటింగ్‌లో చేతి ముక్క దీర్ఘచతురస్రంగా ఎందుకు ఉంటుందో, దాన్ని ఆయన పారిస్ బట్టలకి ఎలా మార్చుకున్నాడో నేను రాస్తాను.